వలపలగిలక

మైనస్ ఇరవై ఎనిమిది.
లారీ నడిచేంత మంచు కట్టిన ఫిన్లండు నది ఒడ్డున
కాగితం మిల్లు మూడో షిఫ్టులో ఆగిపోయింది.

ఆరబెట్టే ఆవిరి డోళ్లలో తొమ్మిదోది
సున్నా డిగ్రీలంటోంది తెర మీద.
పొద్దున్నించీ అదే పాట.
నిన్న బిగించిన కొత్త మీటరు విప్పేశారు,
అదే పెట్టెలోంచి ఇంకోటి తీసి పెట్టారు.
సున్నా.
కేబుల్ మార్చారు. ఫోన్లో మేనేజరు గొంతు మారింది.

ఉర్హో చేతొడుగు తీసి
డోలుకి జానెడు దూరంలో అరచెయ్యి పట్టి
"ఇది సున్నా అయితే నేను బిషప్పుని" అన్నాడు.
ముప్పై ఏళ్లుగా కాలుతున్న చెయ్యి అది.

తువోవి బోర్లించిన డబ్బా మీద లాప్‌టాప్ పెట్టి
తీగ చెప్పేది తీగ నోటే వింది.
జంటలు జంటలుగా బైట్లు, చీమలబారు,
అడిగిందెవరో పలికిందెవరో తెలీని గోల.
తుక్కు కాగితం మీదికి ఎక్కించుకుని
కూతురి రంగు పెన్సిళ్లు బయటికి తీసింది.
అడిగినదానికి నీలం. బదులుకి ఆకుపచ్చ.
చిరునామా కింద గీత,
చివర సరిచూపు అంకెలకి కొట్టివేత.

మిగిలినవి నాలుగే:
00 00 42 డీసీ.
ఉన్నదున్నట్టు చదివితే
చుక్క తర్వాత నలభై సున్నాలు నడిచాక
ఎక్కడో ఒక రెండు.
తెర దాన్ని సున్నా అనడంలో తప్పేముంది?

మన పాత అచ్చు పుస్తకాల్లో వలపలగిలక ఉండేది,
అక్షరం పక్కన రాసి
అక్షరానికి ముందు పలికేది.
ఆ గుర్తు ఎరగనివాడి నోట్లో
సూర్యుడు సూయుడైపోతాడు,
వేడి అక్కడే, కాగితం మీదే ఉండగా.

తువోవికి తెలుగు రాదు.
నాలుగింటినీ రెండూ రెండుగా విరిచి
వెనక జంటని ముందుకి జరిపింది:
42 డీసీ 00 00.
పెదాలు కదుపుతూ లెక్క కట్టింది,
తప్పింది, చెరిపింది, మళ్లీ కట్టింది.

"నూట పది."

ఉర్హో చెయ్యి ఇంకా అక్కడే ఉంది.
"నూట ఎనిమిదనుకున్నా" అన్నాడు.

సెట్టింగులో ఒక్క టిక్కు. అంతే.
ఆవిరి బుస్సుమంది, తడి కాగితం కదిలింది,
మేనేజరుకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు కాసేపు.

ఆకుపచ్చ పెన్సిల్ మొన విరిగింది.
పొద్దున బళ్లో హిల్లా చెట్లు వెయ్యాలి.
తువోవి జేబులో చాకు కోసం వెతుక్కుంటోంది.