కుట్టిన కాడ

ఉస్మాన్‌గంజ్‌లో తాడిపత్రీల దుకాణం ముందు
డేరా విప్పి పరిచాను.
నయీముల్లా సాబ్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
గుడ్డను చూడనే లేదు,
గుడ్డా గుడ్డా కలిసిన చోటును వేలితో తడిమాడు.
"చిరుగు ఎక్కడా లేదు సాబ్. ఐనా కారుతుంది."
"చినిగిన కాడ ఎవ్వరైనా అతుకేస్తరమ్మా.
కుట్టిన కాడనే కారుతది.
సూది పోయిన ప్రతి కాడ ఒక బొక్క.
దారం కొత్తగున్నన్ని రోజులు
తడిసి ఉబ్బి బొక్కను మూస్తది.
ముసల్దైతే సన్నబడతది. మన లెక్కనే."
దారం ఉండ ఒకటి, తేనెమైనం బిళ్ల ఒకటి
పాత ఉర్దూ పేపర్లో చుట్టిచ్చాడు.
కుట్టుకూలి ఎంతంటే
"నా కండ్లతోని కాదు, నువ్వే కుట్టుకో" అన్నాడు.

డేరా మా నాన్నది.
లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు,
ఆదివారం ఆరాధన అయ్యాక స్కౌట్ మాస్టరు.
తలుపు రెక్క లోపల చెరగని సిరాతో ఆయన రాత:
డి. ఏసుపాదం, టెంట్ నం. 4.
మిగతా మూడూ ఎటు పోయాయో తెలీదు.
ఇది మాత్రం అటక మీద బియ్యం డ్రమ్ము వెనక
పద్దెనిమిదేళ్లు మడత మార్చకుండా పడుకుంది.
విప్పగానే వాసన,
కిరసనాయిలు, ఎలుక,
మౌలాలి గుట్ట మీది ఎండుగడ్డి.

మేడ మీద, నీళ్ల ట్యాంకుకీ డిష్ యాంటెన్నాకీ మధ్య
తాళ్లు కట్టి నిలబెట్టాను.
వాచ్‌మన్ బిడ్డ మల్లిక లోపలికి దూరింది.
మిట్టమధ్యాహ్నం.
లోపలి చీకట్లో కుట్టు పొడుగునా వెలుతురు.
"ఆంటీ, చుక్కలు! లెక్కపెట్టాల్నా?"
"పెట్టు."
నూటపన్నెండు దాకా వచ్చి తప్పింది.
మళ్లీ ఒకటి నుంచి.
బయట నేను సుద్దముక్కతో,
లోపల తను వేలితో పొడుస్తూ,
గుడ్డకు అటొకరం ఇటొకరం
ఒకే బొక్క దగ్గర.

నాన్న కుట్టిన చోట్లు తెలిసిపోతున్నాయి.
మిషను కుట్టు తిన్నగా పోతూ పోతూ తెగి
అక్కణ్ణించి చేతికుట్టు, పెద్ద పెద్ద అంగలు,
తొందర మనిషి.
ఒకచోట మా అమ్మ నీలం లంగా ముక్క అతుకు.
దాని సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

పాత రంధ్రాల్లోనే సూది పోనిచ్చాను
కొత్తవి పడకుండా.
దారాన్ని మైనం మీద మూడుసార్లు లాగితే
కీచుమంటుంది.
బొటనవేలికి పట్టీ,
పట్టీ మీద మళ్లీ అదే పోటు.

మైనం చాలలేదు.
వంటింటి అలమరలో బిస్కెట్ డబ్బా నిండా
కొవ్వొత్తి మొదళ్లున్నాయి.
ఏటా నవంబరు రెండున
నారాయణగూడ సమాధుల తోటలో వెలిగించినవి,
గాలికి ఆరిపోతే
పారేయబుద్ధి కాక తెచ్చుకున్నవి.
కాసేపు డబ్బా మూత పట్టుకుని నిలబడ్డాను.
తర్వాత వేడినీళ్ల గిన్నెలో డబ్బా పెట్టాను.
నల్లటి వత్తులు పైకి తేలాయి, ఏరేశాను.
స్టవ్ ఆర్పేసి, దూరంగా మేడ మీదికి తెచ్చి
టర్పెంటైను పోశాను.
బ్రష్షుతో కుట్టు వెంట పూస్తుంటే
ముందు నల్లగా తడిసి, తర్వాత తెల్లబడి,
ఎండకు మెల్లగా లోపలికి ఇంకింది.
నాన్నైతే తిట్టేవాడు,
పైపైన పూస్తే ఎట్లా, రుద్దు, రుద్దు.
రుద్దాను.

మూడో రాత్రి వాన.
మా వైపు వానకు చెప్పి రావడం తెలీదు.
ముందు మెట్టుగూడలో కరెంటు పోతుంది,
తర్వాత రేకులు మోగుతాయి.
మల్లికా నేనూ చాపేసుకుని లోపల,
టార్చి వెలుగు కుట్టు మీద.
నీళ్లు కుట్టు వెంబడి నడిచి
అంచు దాకా పోయి దిగుతున్న చప్పుడు.
నీలం అతుకు దగ్గర మాత్రం చెమ్మ.
ఒక చుక్క పోగైంది, వణికింది,
ఎటూ తేల్చుకోలేక అక్కడే వేలాడింది.

దాని కింద మల్లిక స్టీలు గ్లాసు పట్టుకుని కూర్చుంది,
ఇంటి నుంచి తెచ్చుకుంది,
కారితే పట్టడానికి.
"చెయ్యి గుంజుతుంది ఆంటీ," అంది చాలాసేపటికి,
"ఇంకెప్పుడు కారుతది?"