అగ్గిపుల్ల సందు

పర్లాకిమిడి బజారు వెనక
కూర్మయ్య మేస్త్రి కొట్టులో నా పని
కాజాలు, బొత్తాలు.

మొదట్లో బిగించి కుట్టేదాన్ని,
పళ్ళతో దారం లాగి, గుడ్డ ముడత పడేదాకా.
అవే ముందు ఊడేవి.

"గోడకి అంటించిన కాయని ఎక్కడైనా చూసేవా?
కాయన్నాక తొడిమ ఉండాలే"
అని మేస్త్రి బొత్తాం మీద అగ్గిపుల్ల అడ్డం పెట్టి
దాని మీంచి నాలుగు కుట్లు వేసి
పుల్ల లాగేసేవాడు.
మిగిలిన వదులుకి దారం చుట్టి, మెడ కట్టి, ముడి.
దారానికి మైనం. మైనం అయిపోతే
చర్చి దగ్గర కొన్న కొవ్వొత్తి ముక్క.

కొమ్ము బొత్తాలు తెచ్చే మహారాణా తాత
"బొతామొ" అంటాడు. బొత్తాం అంటాన్నేను.
డజను దగ్గర మాత్రం ఇద్దరికీ తగువే.

పాతపట్నం బస్సు కండక్టరు దండాసికి
టిక్కెట్ల సంచి పట్టీ ఒరిసి ఒరిసి
మూడో బొత్తాం నెలకోసారి రాలేది.
ఖాకీ చొక్కా పట్టుకుని వచ్చేవాడు,
బనీనుతో గుమ్మంలో నిలబడి
చిల్లర లేని జనాన్ని తిట్టేవాడు.

తొడిమ కట్టడం వచ్చేక
వాడి బొత్తాం ఊడలేదు.
చవితి వెళ్ళింది, దసరా వెళ్ళింది.
పని నేర్చుకుని చెడ్డాను.

నిన్న వచ్చేడు.
అరచేతిలో మూడో బొత్తాం.
చొక్కా మీద దారం కొసలు చూసేను.
ఒరిస్తే పీచు లేస్తుంది.
ఇవి నున్నగా ఉన్నాయి, బ్లేడు పెట్టినట్టు.

మేస్త్రి మిషను ఆపి నాకేసి చూసేడు.
అగ్గిపెట్టె నా ఒళ్ళోనే ఉంది.

"కూచో," అన్నాను దండాసితో,
"అగ్గిపెట్టె ఎక్కడ పెట్టేనో, వెతకాలి."