ఏడు కాదు, ఎనిమిది

పీరాసాబు మెట్లంగడి ముందర
నేను బండి ఆపను.
అక్కడ వేపచెట్టు నీడుంటాది. అయినా ఆపను.
రోడ్డు దాటి, ఎండలో నిలబడే
తర్వాతి ఇల్లు యాడుందో ఫోన్లో చూసుకుంటా.
వీపు మీద నల్ల సంచి,
దాంట్లో పదకొండు డబ్బాలు.
నాలుగు మెట్ల డబ్బాలని
ఎత్తినప్పుడే తెలిసిపోయింది.

తొమ్మిదేండ్లు ఆ అంగట్లోనే
పీట మీద కూచున్నా.
"ఉరుకుందూ, మొగం చూసి రేటు చెప్పొద్దురా,
పాదం చూసి నంబరు చెప్పు" అనేవాడు సాబు.
జిన్నింగు మిల్లులో నిలబడే ఆడోళ్లకు
సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి,
పొద్దున కొన్న మెట్లు రాత్రికి కరుస్తాయి.
పత్తి చేలల్లో తిరిగిన కాలికి
వేళ్లు విసనకర్ర మాదిరి విచ్చుకుంటాయి.
ఎంతటోనికైనా ఒక కాలు రొవ్వంత పెద్దది.
"పైవాడే జత సరిగ్గా కుదర్చలేదప్పా,
ఇంక కంపెనీ వాడెంత!"
అని నవ్వి, పలచటి అట్టముక్క కత్తిరించి
చిన్న కాలి మెట్టులోకి దూర్చేవాడు.
దానికి డబ్బులు తీసుకునేవాడు కాదు.

రంజాను నెలలో ఒకామె
ఆరు జతలు తొడిగి చూసింది.
ఏడోది తిప్పి అడుగున నంబరు ఫోటో తీసుకుంది.
"దీంట్లో రెండొందలు తక్కువ సాబ్."
సాబు అద్దాలు తుడుచుకొని
ఫోను దగ్గరికి పట్టుకొని మెల్లగా చదివినాడు.
"నాకు పడే ధరే ఇంతకన్నా ఎక్కువమ్మా.
కొనుక్కో. సరుకు మంచిదే."
ఆమె పోయినాక
విప్పిన జతలన్నీ ఆయనే డబ్బాల్లో సర్దినాడు,
నన్ను ముట్టుకోనీలేదు.

ఆ నెల నా జీతం
రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చినాడు.
పొమ్మనలేదు.
నేనే పోయినా.

ఈ పొద్దు పత్తి యార్డు గుమాస్తా చెన్నబసప్ప
గడప మీదనే డబ్బా విప్పినాడు.
"కరుస్తాందప్పా, వాపసు తీసకపో."
నేను వాపసు బొత్తాం నొక్కల్ల.
నొక్కకుండా కింద కూచున్నా.
ఆయన మడమ నా అరచేతిలోకి వచ్చేసింది,
నేను అడక్కముందే.
"ఏడు కాదు సార్, ఎనిమిది.
ఎడమ కాలు వెడల్పు.
ఈ రకంలో ఎనిమిది తెప్పిచ్చినా కరుస్తుంది."
"మరి యాడ దొరుకుతాయి?"
జేబులో ఫోను మోగుతానే ఉంది,
ఏడు నిమిషాలు ఆలస్యమంట.
సందు చెప్పినా. వేపచెట్టు చెప్పినా.
రంగు పోయిన బోర్డు చెప్పినా.
"నా పేరు మాత్రం చెప్పొద్దు సార్."

తిరుగు దావలో అంగడి ముందరనే పోవల్ల.
సాబు గడప మీద కూచొని
ఎవరో ముసలామె మెట్టుకు వారు కుడుతున్నాడు.
నాకు హెల్మెటుంది, మొగం కనపడదు.
కానీ ఆయన మొగాలు చూసే మనిషి కాదు.
గేరు తన్నీ తన్నీ
ఎడమ మెట్టు బొటనేలు కాడ తెగింది నాకు.
బండి మీద కాలు
యాడ దాచుకోవల్ల?