పొల్లు తర్వాత

గవర్నర్‌పేటలో స్పైరల్ బైండింగ్ షాపు మీద
రెండో అంతస్తు గది మాది.
కింద మిషన్ కాగితాలకు చిల్లులు పొడిస్తే
పైన నా బల్ల వణుకుతుంది.
బల్ల మీద మూడు కంప్యూటర్లు.
ఒకటి నాది,
ఒకటి జోజిబాబు వాళ్ల బామ్మర్దిని బతిమాలి తెచ్చింది,
మూడోది పాత సరుకుల కొట్లో కొన్నది.
దానికి ఒక మీట లేదు, అగ్గిపుల్లతో నొక్కాలి.

చేసేది చిన్న పనే.
రాసుకునేవాళ్లు ఇంట్లో కూర్చుని రాసుకోవాలి.
కరెంటు పోయినా వాక్యం పోకూడదు.
నెట్ వచ్చాక ఒక్క నొక్కు నొక్కితే
లోకంలోకి వెళ్లిపోవాలి,
ఏ కంప్యూటరైనా సరే.

"ఏ కంప్యూటరైనా సరే" అని
అట్ట మీద రాసి గోడకి అంటించడానికి అరనిమిషం పట్టింది.
ఇది పద్నాలుగో నెల.

కోడ్ ఒక్కటే, మూడిళ్ల కోడలు.
ఒకింట్లో తలుపు మూసే గుర్తు కుడిపక్క,
ఒకింట్లో ఎడమపక్క,
మూడో ఇంటి మామగారు ఆర్నెల్లకోసారి
గోడలే జరిపేస్తాడు.
పిల్ల మాత్రం అన్నిచోట్లా
పుట్టి పెరిగినట్టే తిరగాలి.

జాన్‌వెస్లీ గారు జంక్షన్‌లో పార్సిల్ గుమాస్తా.
నైట్ డ్యూటీ దిగి, స్నానం కూడా చేయకుండా రాస్తాడు:
ఐసు కారుతున్న రొయ్యల పెట్టెలు,
నూజివీడు మామిడి బుట్టల్లో మగ్గిన గడ్డి,
అడ్రసు తడిసిపోయి, ఎవరూ రాక
పదకొండు రోజులు ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయిన ఒక తబలా.
మా యాప్ వాడిన మొదటి మనిషి ఆయనే.
ఆ తబలా సంగతి చదివిన రోజు
నేను పని మానేసి ఏలూరు రోడ్డంతా నడిచాను.

ఆదివారం, చర్చి అయ్యాక, ఫోన్ చేశాడు.
"అన్నీ బాగున్నాయమ్మా.
నా పేరొక్కటే బాగాలేదు."

చూశాను.
రాసినప్పుడు జాన్‌వెస్లీ.
పంపాక జాన్వెస్లీ.
పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో
ఒకడు జారి రెండోవాడి కాళ్ల కింద పడ్డట్టు
'న' కింద 'వ' ఒత్తయి వేలాడుతోంది.
ప్లాట్‌ఫాం కూడా ప్లాట్ఫాం అయింది, దాని మీద తబలాతో సహా.

ఫాంటుని తిట్టాం.
మూడిళ్ల మామల్నీ వరసగా తిట్టాం.
నేను జోజిబాబుని తిట్టాను,
అతను భోజనానికని వెళ్లి మర్నాడొచ్చాడు.

మూడో రాత్రి దొరికింది.

పొల్లు తర్వాత ఒక అక్షరం ఉంటుంది.
దానికి వెడల్పు లేదు, చప్పుడు లేదు.
ఏ పిల్లా దాన్ని పలక మీద దిద్దలేదు,
ఓనమాల్లో దానికి చోటివ్వలేదు.
రెండక్షరాల మధ్య నిలబడి
"ఇక్కడ ఒత్తు కావద్దు, ఎవరి కాళ్ల మీద వాళ్లుండండి"
అనడమే దాని ఉద్యోగమంతా.

రాసేటప్పుడు ఉంది.
పంపేటప్పుడు లేదు.
మధ్యలో ఒక లైను:
కనపడని అక్షరాలన్నీ తీసెయ్.
రెండో నెలలో, రాత్రి రెండింటికి,
ఇన్వర్టర్ కీచుమంటుంటే రాసిన లైను.
పక్కన గుర్తుకోసం పెట్టుకున్న మాట: చెత్త.
రాసింది జోజిబాబు కాదు.

తీసేశాను.
మూడు కంప్యూటర్లలో ఆయన పేరు కొట్టాను,
మూడోదాంట్లో అగ్గిపుల్లతో.
జాన్‌వెస్లీ. జాన్‌వెస్లీ. జాన్‌వెస్లీ.
కిటికీలోంచి బందరు కాలువ వాసన, తెల్లారబోతోంది.
ఆయన డ్యూటీ దిగే వేళకి ఫోన్ చేశాను.

"ఈ నాలుగు రోజులూ మధ్యలో ఖాళీ వదిలి
ఇద్దరు మనుషుల్లా రాసుకున్నానమ్మా.
ఇక కలిపి రాసుకోవచ్చా?"
"రాసుకోండి."
"ఇంతకీ ఎవరు తీసేశారు దాన్ని?"

కింద షాపు షట్టర్ లేచింది.
ఎవరి రికార్డో, పొద్దున్నే తొందర,
చిల్లులు మొదలయ్యాయి.

"మిషనండీ" అన్నాను.

"ఆ, వినపడుతోంది" అన్నాడు.