ఆది రవిక లేని కొలత

కార్డు మీద రాసిన తారీఖు దాటి
ఇయ్యాల్టికి తొమ్మిది దినాలు.

కల్వకుర్తిల బస్సులాగే కాడ నా మిషిన్ దుకాణం.
పదకొండేండ్ల సంది ఎంతమందికి చెప్పిన,
“కాజాలొక్కటే ఉన్నయక్కా, రేపు రాండ్రి” అని.
ఇప్పుడు లోపల కూసోని
ఎవరో నాకే చెప్తున్నరు,
రేపు, రేపు.

తిట్టుకుంటనే నవ్వొస్తది.
నవ్వితే పక్కటెముక కింద ఒక మడిమ తగుల్తది.

పాలు పోసే జంగమ్మ, “ఇంక కాలేదా?”
పికోకు చీరిచ్చిపోయిన టీచరమ్మ, “ఇంక కాలేదా?”
కాలే.
నేనేమన్న దాసుకున్ననా
బీరువల పట్టుచీర లెక్క?

అత్త ఈదమ్మకు తారీఖులు లెవ్వు.
“పల్లికాయ పీకేటప్పుడు పుట్టినవురా” అంటది
ఇప్పటికీ నా పెనిమిటి పర్వతాలును.
పల్లికాయ ఎప్పుడు పీకుతరత్తా?
ఒక చెట్టు పీకి, కాయ ఒలిచి చూస్తరట,
పొట్టు లోపల నల్లబడ్డదా లేదా అని.
ఎక్కువ దినాలుంచితే భూమిలనే మొలకలొస్తయట.
ఆ మాట అని నా కడుపు దిక్కు చూసి
నాలిక కర్సుకున్నది.

ఆడిబిడ్డ సునంద ఫోను షాద్‌నగర్ నుంచి.
బేస్తారం పొద్దుగాల తొమ్మిది ఇరవై, పుష్యమి,
అయ్యగారు చీటీ మీద రాసిచ్చిండు.
నలభై ఎనిమిది వేలు, ఏసీ రూము, అర్ధగంట పని.
“కోతా కుట్టే గద వదినా, నీకు తెల్వనిదా?”

తెలుసు. గందుకే భయం.
కోసిన గుడ్డ మళ్ల తాను కాదు.
కుట్టెంత సన్నగున్నా
తిరగేసి చూస్తే కనవడ్తది.

అట్లని కోసుడు తప్పనను.
చిన్నమ్మ బిడ్డ చంద్రకళకు
లోపలి పిలగాని గుండె తగ్గుతుంటే
మాట్లాడే టైము గూడ లేకుండ కోసి తీసిన్రు.
వాడిప్పుడు నా దుకాణంల
దారపు రీళ్లు దొర్లిస్తడు, సూదులు తొక్కుతడు.
కోయాల్సిన కాడ కోయాలె.
ఏడ కోయాల్నో గుడ్డ చెప్పాలె,
పంచాంగం గాదు.

సర్కారు దవాఖానల డాక్టరమ్మ
స్కానింగు కాగితం లైటుకు వట్టి చూసింది.
“ఉమ్మనీరు సరిపోనుంది.
ఇయ్యాలే చేరితే నొప్పులకు మందు పెడ్తం.
లేదంటే రెండు దినాలు చూద్దం,
అంతకు మించి ఆగద్దు.
కదలిక తగ్గితే అర్ధరాత్రైనా రా.”
“మీరైతే ఏం చేస్తుంటిరి మేడం?”
అద్దాలు తీసి కొంగుకు తుడుసుకున్నది.
“నాకు మందు పెట్టిన్రు. పద్దెనిమిది గంటలు పట్టింది.”
ఆఖరికెట్లయ్యిందో చెప్పలే.
నేనడగలే.

పర్వతాలు డీసీఎం దిగొచ్చి
“నువ్వెట్లంటే గట్ల” అన్నడు.
మంచి మాటే.
బరువంత నా దిక్కే ఒరిగింది.

మాపటికి బుక్కెడు తిని
ఎడమ పక్కకు ఒరిగి పన్న.
కోత బల్ల చేతికందేటట్టు జరిపిచ్చుకున్న.
తన్నినప్పుడల్ల సుద్దముక్కతోని ఒక గీత.
ఏడు. ఎనిమిది.
ఇగ చాలాసేపు ఏం లే.
బయట అచ్చంపేట ఆఖరి బస్సు వొయ్యింది.
సల్లనీళ్లు తాగిన. కడుపు మీద చెయ్యేసి
అంచు తడిమినట్టు మెల్లగ తడిమిన.
తొమ్మిది.

ఇగో, ఇను.
రేపొక్క దినం నీది.
ఎల్లుండి పొద్దుగాల నేను సంచి పట్టుకొని పోత,
మందు పెట్టిచ్చుకుంట.
ఆడికెల్లి ఏమైతదో నాకు తెల్వది,
నీకు గూడ తెల్వదు.

నీ కొలతకు ఆది రవిక దొరకలే.
మెత్తటి పాత నూలు చీర చింపి
అందాజుగ ఏడంగీలు కుట్టిన.
ఎందుకైన మంచిదని
పక్క కుట్లల్ల రెండేళ్ల గుడ్డ మడిచి పెట్టిన,
కావాల్నంటే ఇప్పుకునేటట్టు.

టీచరమ్మ చీర ఇంక పికో కాలే.

పది.