సున్నా దగ్గర

వీరవాసరం రొయ్యల ఫ్యాక్టరీలో తెల్లవారుజాము నాలుగు.
ఐసు మెత్తగా దంచి, ఫ్లాస్కు నింపి,
సందుల్లోకి నీళ్ళు పోసి కలిపాను.
ఇదీ నా సున్నా.
ఎవరు ఎంత అబద్ధమాడుతున్నారో
ఇందులో ముంచితే తెలుస్తుంది.

ముందు ప్లాటినం తీగ.
సున్నా దగ్గర సరిగ్గా నూరు ఓములు,
డిగ్రీకి అర ఓమైనా పెరగదు.
పాతకాలం కరణంగారిలాగా
ఆలస్యంగా చెబుతుంది,
దమ్మిడీ తేడా లేకుండా చెబుతుంది.

థర్మోకపుల్‌కి అంత ఓపిక లేదు.
పొత్తు కుదరని రెండు లోహాలని కొసన ముడేస్తే
బాయిలర్ నోట్లో తలపెట్టి కూడా బతుకుతుంది.
కానీ వేడి ఎంతో దానికి తెలీదు,
ఆ కొసకీ ఈ కొసకీ ఉన్న తేడా ఒక్కటే తెలుసు.
మనకి మాత్రం అంతకన్నా ఏం తెలుసు గనక.

థర్మిస్టర్, ఆవగింజంత.
వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది,
చిన్నదానికే ఉలిక్కిపడుతుంది.
యనమదుర్రు పక్క చెరువుల్లో దీన్నే దింపాం.
రాత్రి వానకి నీళ్ళు రెండు డిగ్రీలు జారితే
రొయ్య మేత మానకముందే
రైతు ఫోను మోగుతుంది.

గన్ను సంగతి చెప్పక్కర్లేదు.
ముట్టుకోదు, దూరం నుంచి చూస్తుంది,
స్టీలు బల్ల తళతళకి మోసపోయి
బల్ల అడిగితే పైకప్పు వేడి చెబుతుంది.

"నా వేలు కూడా ముంచి చూడండి బాబూ!"
ఒలుపు బల్ల నుంచి సువార్తమ్మ.
పదహారేళ్ళుగా ఐసులోనే ఆ చేతులు.
నవ్వుతూనే నాలుగు వేళ్ళూ ఫ్లాస్కులో పెట్టింది.
పది లెక్కపెట్టాను. ఇరవై.
ముప్ఫై దాటాక నేనే ఆమె మణికట్టు పట్టుకుని తీశాను.

"ఏం తెలవట్లేదండి.
మొన్న గంజి వారుస్తుంటే చెయ్యి కాలింది,
వాసనొచ్చాక చూసుకున్నాను."

నా పుస్తకంలో ప్రతి తీగకీ ఒక వరస ఉంది:
నంబరు, చూపిన అంకె, తేడా,
మార్చవలసిన తేదీ.
కలం పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాను.

"మరి ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే?"

"మనవరాలికి వస్తూనే ఉంటదండి.
చెంప ఆనించి చూత్తాను."
గ్లవుజులు తొడుక్కుంటూ అంది,
"చెంప ఇంకా పని చేత్తంది, ఆయ్."

ఫ్లాస్కులో ఐసు సగానికి కరిగింది.
ముళ్ళు ఇంకా సున్నా మీదే.