సాలు

పదకొండేండ్లు హాలియా సెంటర్ల
పురుగుమందుల షాపుల గల్లా పక్కన నిలబడి
అడిగినోళ్లందరికీ ఒకటే చెప్పిన:
రెండు మందులు కలిపేముందు
గాజు సీసల చెంచెడు చెంచెడు పోసి ఊపు.
ఇరిగిన పాల తీరయితే పంపుల పొయ్యకు.
ఇరగకున్నా చేనంతా కొట్టకు,
ఒక్క సాలు మీద కొట్టి
మూడు పొద్దులు ఆగు.

ఇయ్యాల నేనే ఆ సాలును.

పట్నం దవాఖాన్ల ఇచ్చిన పదహారు పేజీల కాయితం
తెలుగులనే ఉన్నది గని తెలుగు తీరు లేదు.
డాక్టరమ్మ ఒక్కో లైను కింద పెన్ను పెట్టి చెప్పింది:
ఏ మందుకామందు కొంత తెలుసు,
కలిపి ఎంత ఇయ్యొచ్చో ఇంకా తెల్వదు.
నీకు మేలు కావచ్చు, కాకపోవచ్చు.
ఎప్పుడైనా వద్దనొచ్చు, నిన్ను చూసుడు మాత్రం ఆపం.

అంత నిజం
నేను గల్లా పక్కన ఎన్నడూ చెప్పలే.

ముగ్గురిని ముగ్గురిని తీసుకుంటరట.
మొదటి ముగ్గురికి చిటికెడు. ఏం కాకుంటే ఇంకో మెట్టు.
రెండో మెట్టు మీద అచ్చంపేట ఇద్దమ్మకు
జరమొచ్చి దిగలే, నోరంత పూసింది.
అందుకే అదే మెట్టు మీద మళ్ల ముగ్గురు,
అండ్ల నడిమోన్ని నేను.
ఆమె మొఖం నేను చూడలే.
ఆమె జరం కొలతల నా గోలీ ఉన్నది.

నర్సు ఇచ్చిన నోటుబుక్కుల రోజూ రాస్త:
ఏడున్నరకు గోలీ. ఒళ్లు తొంభైతొమ్మిది.
రెండిడ్లీలు తిన్న, ఒకటి బయటికొచ్చింది.
"షాపు ఉద్దెర గూడ ఇంత సక్కగ రాయకపోతివి"
అన్నది మా సైదమ్మ.

నిన్న తిర్మలగిరి మట్టయ్య వచ్చిండు.
ఆరేండ్ల కింద, సీస ఊపకుండనే
నేను కలిపిచ్చిన మందుకు
మూడెకరాల పత్తి అంచులు కాలిన మనిషి.
అప్పుడు తప్పు వాన మీదికి నెట్టిన.
పైసలు వాపసియ్యలే.

సంచిల బత్తాయిలు తెచ్చిండు.
నా మందుకు పడ్తయో లేవో, అడగాలె అన్న.
"ఏం కలుపుతున్రు నీకు?"
ఒకదానికి ఇంకా పేరు గూడ పెట్టలే, నంబరే.
"సీసల ఊపి చూసిన్రా?"
చూసిన్రట. ఎలుకల మీద గూడ.

జరసేపు ఏమనలే.
లేచి, గడప దిక్కు వెలుతురుకు నన్ను తిప్పుకొని
ఆకు తిరగేసి చూసినట్టు
కంటి కింది రెప్ప లాగి చూసిండు.

"మూడు పొద్దులు కాలే గద ఇంకా"
అన్నడు.